మార్గరెట్ ఇంటి ఉత్తరపు గోడ

పాత ఇళ్ళు బాగుచేసే ఇంజనీరు పనిలో సగం, గోడ దగ్గర నోరు మూసుకుని నిలబడడమే. ఈ మాట నాకు గుంటూరు కాలేజీలో ఎవరూ చెప్పలేదు, ఫిలడెల్ఫియాలో పై చదువు చదివినప్పుడూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పనిచేసి, మానేసి, మోరిస్‌విల్‌లో మా చెల్లెలి ఇంటికి రెండు వీధుల అవతల ఇల్లు తీసుకుని కూర్చున్నాక ఇప్పుడు తీరిగ్గా నేను చెబుతున్నాను.

ఇక్కడ మనవాళ్ళ పిల్లల్లో సివిల్ చదివేవాళ్ళు తక్కువ. చదివిన ఒకరిద్దరు ఏ పుట్టినరోజు పార్టీలోనో కనబడితే "ఆంటీ, మీ వర్క్ అంతా ఓల్డ్ బిల్డింగ్సే కదా, బోర్ కొట్టలేదా?" అని అడుగుతారు. బోరు ఎప్పుడూ కొట్టలేదు. భయం వేసింది, మోకాళ్ళు అరిగాయి, కొన్నిసార్లు సిగ్గుతో చచ్చిపోయాను. ప్రమోషన్ల సంగతి అడగకండి. నాకు వచ్చినవి రెండు, రెండూ పైవాళ్ళు ఉద్యోగం మానేస్తే వచ్చినవి. నేను నిలబెట్టిన భవనాల జాబితా కూడా ఇక్కడ ఇవ్వను. నేను పాడుచేసిన ఒక ఇంటి గురించి చెబుతాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి ఆ జాబితా కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

వాల్టర్

నాకు పని నేర్పింది వాల్టర్ అనే పెద్దాయన. పాత రాతి కట్టడాలు మరమ్మతు చేసే చిన్న కంపెనీ ఆయనది. మొత్తం ఆరుగురం. ఆయనకి గోడలు బాగా తెలుసు, మనుషులు తెలియరు. ఏదైనా ఎందుకని అడిగితే "ఎందుకంటే అంతే" అనేవాడు. కొత్త ఇంటికి వెళ్ళినప్పుడు వానపడే రోజున ఒకసారి, ఎండ కాసే రోజున ఒకసారి, మంచు కరిగేటప్పుడు ఒకసారి చూడకుండా పెన్సిల్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. సున్నంతో కట్టిన గోడకి సున్నమే వాడాలనేవాడు. దానికీ కారణం చెప్పేవాడు కాదు.

నేను దాన్ని ముసలాయన మొండిపట్టు అనుకున్నాను. ఎందుకు అనుకున్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే నా తప్పు పుట్టింది అమెరికాలో కాదు, తెనాలి దగ్గర మా ఇంట్లో.

మా నాన్న రైల్వేలో గుమాస్తా. మాది పాత సున్నపు గోడల ఇల్లు. ఒక ఏడాది వానల్లో వంటింటి గోడకి చెమ్మ ఎక్కింది. నాన్న మేస్త్రీని పిలిపించి ఆ గోడ పొడుగునా సిమెంటు కొట్టించాడు. వీధిలో వాళ్ళందరూ వచ్చి చేత్తో తట్టి చూసి "పక్కాగా చేయించారండీ" అని మెచ్చుకున్నారు. నాన్న నాలుగు రోజులు ఆ గోడకి ఎదురుగా కుర్చీ వేసుకుని కాఫీ తాగాడు. రెండేళ్ళకి చెమ్మ మళ్ళీ తేలింది. మళ్ళీ సిమెంటే కొట్టించాం. తప్పు సిమెంటుదని మాకెవరికీ తోచలేదు, మేస్త్రీ ఇసుక ఎక్కువ కలిపాడని తిట్టుకున్నాం. ఇలా పెరిగిన మనిషి బుర్రలో సున్నం అంటే లేనివాళ్ళు వేసుకునేది, సిమెంటు అంటే పక్కా అని పడిపోతుంది. మీలో చాలామంది బుర్రల్లో ఇప్పటికీ అదే ఉంది, మీ నాన్నల ఇళ్ళు చూస్తే తెలుస్తుంది.

ఒక్కసారి, ఎండలో

పెన్సిల్వేనియాలో పలకరాయి తవ్వే కొండల మధ్య ఒక చిన్న చాపెల్ ఉంది. చిన్నప్పుడు మనం బలపంతో అఆలు దిద్దిన పలక లేదూ, ఆ రాయే. దాన్ని తవ్వడానికి వేల్స్ నుంచి వచ్చిన కూలీలు తమ ప్రార్థనకి కట్టుకున్న మందిరం అది. తలుపు పైన వాళ్ళ భాషలో చెక్కిన రెండు వరుసలున్నాయి. పక్కనే, మందిరాన్ని చూసుకునే కుటుంబం కోసం వాళ్ళే కట్టిన ఇల్లు. కింద రెండు గదులు, పైన వంగి నడవాల్సిన అటక, రెండడుగుల మందం రాతి గోడలు, పలకరాళ్ళ పైకప్పు. తలుపు ఎంత పొట్టిదంటే అయిదడుగుల మూడంగుళాల నేను కూడా తల దించాలి. ఎవరూ డ్రాయింగు గీయలేదు. పగలంతా క్వారీలో రాయి కొట్టి, సాయంత్రాలు వచ్చి కట్టుకున్నారట.

ఆ ఇంట్లో మార్గరెట్ ఉండేది. వాళ్ళ నాన్న చాపెల్ కాపలాదారు, ఆయన తర్వాత ఆవిడ. పెళ్ళి చేసుకోలేదు. ఆదివారం పొద్దున్నే పొయ్యి వెలిగించి మందిరం వెచ్చబెట్టడం, పుస్తకాలు సర్దడం, సమాధుల మధ్య గడ్డి కోయడం ఆవిడ పని. ఇంటి ఉత్తరపు గోడ రాళ్ళ మధ్య సున్నం అక్కడక్కడా రాలుతోందని చాపెల్ వాళ్ళు మా కంపెనీకి కబురు చేశారు.

అప్పుడే వాల్టర్ తుంటి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరాడు. నాకు సొంతంగా దొరికిన మొదటి పని అది. వెళ్ళాను. ఒక్కసారే వెళ్ళాను, అదీ జూన్ నెల ఎండలో. రెండున్నర గంటల డ్రైవ్, అప్పుడు మా అమ్మాయి చిన్నది, వాన కోసం ఎదురుచూసే ఓపిక నాకు లేదు. మార్గరెట్ తన పాటికి తాను "మా నాన్న ప్రతి వేసవికీ సున్నం వేసేవాడు" అని చెబుతోంది. ఊఁ కొట్టి వచ్చేశాను. రాళ్ళ సందుల్లో పాత సున్నం గీకేసి గట్టి సిమెంటుతో నింపమని, బయట అడుగు నుంచి చూరు దాకా సిమెంటు పూత వేయమని కాగితం రాశాను. ఆసుపత్రి మంచం మీద ఉన్న వాల్టర్ చేతికి ఇస్తే చదవకుండా సంతకం పెట్టాడు. అది నా మీద నమ్మకమని అప్పుడు పొంగిపోయాను. అది బద్ధకమని ఇప్పుడు అంటాను. మీ పైవాళ్ళు మీ కాగితాలు చదవకుండా సంతకం పెడితే సంతోషించకండి.

పని పూర్తయ్యాక ఫొటోలు పంపారు. నున్నగా, బూడిద రంగులో, ఒక్క గీత లేకుండా ఉంది గోడ. ఆ ఫొటో నా టేబుల్ మీద చాలాకాలం పెట్టుకున్నాను.

మనవాళ్ళు

పద్దెనిమిదేళ్ళు గడిచాయి. వాల్టర్ పోయి అయిదేళ్ళయింది, ఆయనతోపాటే కంపెనీ మూతపడింది. నేను సొంతంగా రిపోర్టులు రాసిస్తూ, ఇంక మూడు నెలల్లో మానేద్దామని ఉన్నాను. ఒకరోజు సుధీర్ అనే అబ్బాయి ఫోన్ చేశాడు. అబ్బాయంటే నలభై దాటినవాడే, ఐటీలో మేనేజరు.

"ఆంటీ, మా తెలుగు చర్చ్‌కి ఒక ఓల్డ్ చాపెల్ కొన్నాం. పక్కన చిన్న కాటేజ్ ఉంది. వాల్ ఒకటి బయటికి ఉబ్బింది. కౌంటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఇంజనీర్ రిపోర్ట్ కావాలి, లేకపోతే అందులో ఎవరూ ఉండకూడదు అన్నాడు. మీరు మనవాళ్ళే కదా, ఒకసారి చూస్తారా?"

అడ్రసు చెప్పగానే అది మార్గరెట్ ఇల్లేనని తెలిసింది. ఆ గోడ నేను చేయించిందేనని అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. వెళ్ళి చూశాక చెబుదాంలే అనుకున్నాను. ఇది నా రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది.

సెప్టెంబర్‌లో ఒక శనివారం వెళ్ళాను. సుధీర్ విషయం అంతా విప్పి చెప్పాడు. చాపెల్‌లో వెల్ష్ వాళ్ళు, అంటే ఆ వేల్స్ కూలీల వారసులు, నలుగురైదుగురే మిగిలి, ఇంక నడపలేక మనవాళ్ళకి అమ్మారు. అమ్మేటప్పుడు ఒకే ఒక్క షరతు పెట్టారు. ఇల్లు ఉండడానికి పనికొచ్చినంత కాలం మార్గరెట్ అందులోనే ఉంటుంది. పనికిరాదని తేలితే ఆవిడ కౌంటీ వాళ్ళ వృద్ధాశ్రమానికి వెళ్ళాలి. అంటే ఎనభై నాలుగేళ్ళ మనిషి పుట్టిన గదిలో ఉంటుందా, ముక్కూమొహం తెలియని వాళ్ళ మధ్య మంచానికి పోతుందా అన్నది నేను రాసే కాగితం మీద ఉంది.

సుధీర్ చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. "పార్కింగ్ లేదు ఆంటీ. అరవై కార్లు వస్తాయి. అందరూ రోడ్డు పక్కన పెట్టి పిల్లల్ని ఎత్తుకుని దాటుతున్నారు. మొన్న మా చిన్నదాన్ని ఒక ట్రక్ జస్ట్‌లో మిస్ అయింది. ఈ కాటేజ్ తీసేస్తే ఆ ప్లేస్ మొత్తం వస్తుంది. మేమేం ఆవిడని రోడ్డు మీద వదిలెయ్యం, మంచి హోమ్ చూస్తాం."

"ముందు గోడ చూడనివ్వు బాబూ" అన్నాను.

"చూడండి. కానీ ఫైల్‌లో ఒక పాత రిపోర్ట్ ఉంది. ఎవరో వాల్టర్ అట, పెద్ద ఎక్స్‌పర్ట్ అట. ఆయన రిపేర్ చేయించాకే ఇలా అయింది. ప్రొఫెషనల్స్ చేసినా నిలబడలేదంటే ఇంటికే లైఫ్ అయిపోయినట్టు కదా? ఇంక రిపేర్ చేయలేమని మీరు ఒక లెటర్ ఇస్తే చాలు."

అతని వాదనలో తప్పేమీ లేదు. ఆ రిపేరు సరైనదైతే, ఇల్లు నిజంగానే అయిపోయినట్టు.

ఏసుపాదం గారు

సుధీర్ ఫోన్ మోగితే కారు దగ్గరికి వెళ్ళాడు. అతనితోపాటు ఒక పెద్దాయన వచ్చాడు, మామగారట. పేరు ఏసుపాదం, నరసాపురం దగ్గర తాపీ మేస్త్రీ. కూతురి దగ్గరికి ఆరు నెలలకి వచ్చి, ఇంట్లో టీవీ ముందు కూర్చోలేక అల్లుడి వెంట బయల్దేరాడు. చలికోటు మీద తలకి తువ్వాలు చుట్టుకుని, నన్ను పట్టించుకోకుండా తిన్నగా గోడ దగ్గరికి నడిచాడు. ఉబ్బిన చోట సిమెంటు పూత పగిలి ఉంది. జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి ఆ పగులులో పెట్టి తిప్పాడు. అరచెయ్యంత పెచ్చు ఊడింది. వెనక నుంచి తడి మట్టిలా ఏదో జారి పడింది. దాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు.

"అమ్మా, ఇలా రండి. లోపలంతా సున్నం పనండి. రాయి మీద రాయి ఎంత బాగా పేర్చాడో చూశారా? మా తాత ఇలాగే కట్టేవాడండి, గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళు పోసి. ఇది ఇంకో నూరేళ్ళు కదిలేది కాదండి."

"మరి ఎందుకు కదిలింది?" అన్నాను. తెలిసే అడిగాను.

"ఎందుకేంటండీ? రాతిగోడలోకి నీళ్ళెల్తాయి, సున్నం లోంచి మళ్ళీ ఆరిపోతాయి. బయట ఈ సిమెంటు కొట్టేసరికి వెళ్ళిన నీళ్ళు వెళ్ళినట్టే లోపల నిలిచిపోయాయండి. లోపలి సున్నం అంతా నాని బురదైపోయింది. ఈ ఊళ్ళో నీళ్ళు గడ్డకడతాయట కూడాను, ఇంక ఉబ్బదా మరి? ఎవడండీ ఈ పని చేసింది? ఆడికి ఇంజనీరని సర్టిఫికెట్ ఎవడిచ్చాడో గాని, ఆణ్ణి తీసుకొచ్చి ఈ గోడకి కట్టెయ్యాలండి!"

ముప్పై ఏళ్ళలో నేను విన్న రిపోర్టుల్లో అంత స్పష్టమైనది ఇంకోటి లేదు. వాల్టర్ నాకు చెప్పని కారణం అంతా అందులో ఉంది. నిజం చెప్పాలంటే, ఆ కారణం ఆ సరికే నాకు తెలుసు. వేరే ఇళ్ళ మీద, వేరేవాళ్ళ తప్పుల మీద నేర్చుకున్నాను. అయినా ఈ ఇంటికి మాత్రం ఒక్కసారి కూడా తిరిగి వెళ్ళి చూడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

"బాగవుతుందంటారా?" అని మాత్రం అడిగాను.

"ఎందుకవదండీ? ఈ దరిద్రం అంతా ఒలిచేసి, ఉబ్బిన మేర విప్పి, ఆ రాళ్ళే మళ్ళీ సున్నంలో పేరిస్తే సరి. గోడకి జబ్బు లేదండి, దీని మొహం మీద గుడ్డ అడ్డం పెట్టారంతే."

అంతలో మార్గరెట్ తలుపు తీసింది. బాగా వంగిపోయింది. కళ్ళు చికిలించి నన్నే చూసి, గుర్తుపట్టింది. "నువ్వు ఆ గోడ అమ్మాయివి కదూ! వచ్చావా! నువ్వొస్తే ఇంక పరవాలేదు" అని నా చెయ్యి పట్టుకుంది. ఏసుపాదం గారికి ఇంగ్లీషు రాదు, సుధీర్ ఇంకా ఫోన్‌లోనే ఉన్నాడు. ఆ మాట నేనొక్కదాన్నే విన్నాను. చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది, తీసుకోలేదు. టీ తాగమంటే పని ఉందని తప్పించుకుని వచ్చేశాను.

కాగితం మీద తప్పించుకునే దారి

ఇక్కడ మా వృత్తిలో లాయర్లు మొదటి రోజే ఒక మాట చెబుతారు. తప్పు నాదని నోటితో అనొద్దు, కాగితం మీద అసలే వద్దు. అలా అంటే లైసెన్సు పోవచ్చు, కోర్టుకి ఈడ్వచ్చు. అందుకని మా రిపోర్టుల్లో ఒక భాష తయారైంది. "ఇదివరకు జరిగిన మరమ్మతుల వల్ల" అని రాస్తాం. ఎవరు చేశారో ఉండదు. నేను అలాంటివి వందల కొద్దీ రాశాను.

ఈసారి ఇంకా సులువైన దారి కూడా ఉంది. పాత కాగితం మీద సంతకం వాల్టర్‌ది, వాల్టర్ లేడు. ఆయన చేసింది తప్పని నేను రాస్తే ఇల్లు నిలబడుతుంది, మార్గరెట్ ఉంటుంది, నా జోలికి ఎవరూ రారు. రెండు వారాలు ఈ ఆలోచనతోనే తిరిగాను. ఎవరికీ నష్టం లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ సున్నం వాడమని జీవితమంతా మొత్తుకున్న మనిషి ఆయన. ఆయన పేరు మీద సిమెంటు రాయడానికి చెయ్యి రాలేదు.

అలాగని ధైర్యంగా వెంటనే ఒప్పుకున్నానని అనుకోకండి. అక్టోబర్ పోయింది, నవంబర్ పోయింది. సుధీర్ మెసేజీలు పెడుతున్నాడు, నేను నీళ్ళు నములుతున్నాను. చివరికి డిసెంబర్ మొదటి ఆదివారం ప్రార్థన అయ్యాక కమిటీ కూర్చుంటుంది, మీరు వచ్చి చెప్పండి అన్నాడు. కౌంటీ ఇచ్చిన గడువు ఆ వారంతో సరి.

సాక్ష్యం

మాదీ క్రైస్తవ కుటుంబమే గాని, నేను క్రిస్మస్‌కీ పెళ్ళిళ్ళకీ వెళ్ళే రకం. ఆ ఆదివారం వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. తలుపు పైన వెల్ష్ అక్షరాలు అలాగే ఉంచి, వాటి కింద తెలుగు వాక్యం ఫ్లెక్సీ కట్టారు. తబలా, కీబోర్డు, పట్టుచీరల మీద పఫర్ జాకెట్లు. పాటలయ్యాక పాస్టర్ గారు "ఎవరైనా సాక్ష్యం చెప్పేవారుంటే ముందుకు రండి" అన్నారు.

మన చర్చిల్లో ఇది ఎలా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. లేచినవాళ్ళు తమ జీవితంలో జరిగిన మేలు చెప్పి దేవుణ్ణి స్తుతిస్తారు. ఒకాయన వీసా స్టాంపింగ్ అయిందని చెప్పాడు. ఒకావిడ షుగర్ అదుపులోకి వచ్చిందని చెప్పింది. ఇంకో కుర్రాడు తాను తాగుడు ఎలా మానాడో చెప్పాడు. అతను తన తప్పుతో మొదలుపెట్టాడు, వంకలు పెట్టలేదు. ఎవరూ మొహం తిప్పుకోలేదు. కమిటీ బల్ల ముందు కూర్చుంటే నేను రిపోర్టు భాషలోకి జారిపోతానని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళ అలవాటు. ఏమనుకున్నానో తెలియదు, లేచి ముందుకి నడిచాను.

"నా పేరు విజయ. ఇంజనీర్ని. పక్కింటి గోడ ఎందుకు పాడైందో చెప్పమని నన్ను పిలిచారు. పద్దెనిమిదేళ్ళ కిందట ఆ గోడకి సిమెంటు వేయించింది నేనే. ఫైల్‌లో ఉన్న సంతకం వాల్టర్ అనే పెద్దాయనది. ఆయన సున్నమే వాడమనేవారు, నేను వినలేదు. ఆయన ఆసుపత్రిలో ఉంటే నేను రాసి సంతకం పెట్టించాను. ఇల్లు పాతదై పాడవలేదు. నా వల్ల పాడైంది. సిమెంటు తీసేస్తే బాగవుతుంది. సెప్టెంబర్‌లో ఇక్కడికి వచ్చినప్పుడే ఈ మాట చెప్పాలి, భయపడి చెప్పలేదు."

పాస్టర్ గారు ఆమెన్ అనాలా వద్దా తెలియక మైకు పట్టుకుని నిలబడ్డారు. మూడో బెంచీలోంచి ఏసుపాదం గారు లేచారు.

"అమ్మా! అయితే ఆ రోజు నేను తిట్టింది మిమ్మల్నా అండీ?"

"నన్నేనండి."

"గోడకి కట్టెయ్యాలన్నాను కదండీ!"

"అన్నారండి."

"మరి అది నేనేనని ఒక్క ముక్కయినా అనకుండా ఎలా నిలబడ్డారండీ బాబూ!" అని ఆయన తల పట్టుకున్నాడు. పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దవాళ్ళు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

సుధీర్ నవ్వలేదు. మొహం ఎర్రబడింది. "మాకు ముందే చెప్పాలి కదా ఆంటీ. త్రీ మంత్స్ వెయిట్ చేశాం" అన్నాడు. అది నిజమే అన్నాను. "స్ట్రెయిట్‌గా చెప్పండి. రిపేర్ చేస్తే ఉంటుందా, మళ్ళీ పదేళ్ళకి ఇదే గొడవా?" అన్నాడు.

"ఉంటుంది. చలికాలంలో సున్నం పని చేయకూడదు, గడ్డకట్టి పోతుంది. ఈ వారంలోనే గోడకి దూలాలు ఆనించి నిలబెడతాను. మే నెలలో విప్పి కడదాం. అప్పటిదాకా ఆవిడ ముందు గదిలో ఉండొచ్చని నేను రాసిస్తాను."

"మరి పార్కింగ్?" అని ఎవరో అన్నారు. సుధీర్ భార్య సునీత, ఏసుపాదం గారి కూతురు, కూర్చున్న చోటి నుంచే "రోడ్డు ఇటువైపే ఆ ఫార్మ్ ఆయన ఉన్నాడు కదా, ఆదివారం పొద్దున రెండు గంటలు ఆయన ఫీల్డ్‌లో పెట్టుకుంటామని ఎవరైనా వెళ్ళి అడిగారా ఇంతవరకూ?" అంది. ఎవరూ అడగలేదు. ఇల్లు ఉంచుదామనేవాళ్ళు చేతులెత్తమన్నారు పాస్టర్ గారు. అందరికంటే ఆఖర్న, ఇష్టం లేకుండానే, సుధీర్ కూడా ఎత్తాడు.

ఆ రాత్రే రిపోర్టు రాశాను. మొదటి పేరాలోనే నా పేరు పెట్టాను. లైసెన్సు బోర్డు వాళ్ళు వివరణ అడిగారు, ఇచ్చాను, మందలించి వదిలేశారు. ఎలాగూ మానేసే మనిషిని కాబట్టి నాకు పెద్దగా నష్టం జరగలేదు. ఇంకో పదిహేనేళ్ళ ఉద్యోగం ముందుంటే ఇలా ఒప్పుకునేదాన్నా? తెలియదు. మీ ముందు అబద్ధం ఆడడం ఎందుకు?

ఇంగ్లీషులో

రిపోర్టు సంగతి ముందే చెప్పేశాను గాని, ఆ ఆదివారం దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. భోజనాలకి కూర్చోకుండా పక్కింటికి వెళ్ళాను.

మార్గరెట్ తలుపు తీసింది. కోటు, మఫ్లరు, ఊలు టోపీ, చేతులకి గ్లౌజులు. ఎక్కడికైనా బయల్దేరారా అని అడిగాను. లేదంది. కూర్చోమంది. లోపల బయట ఉన్నంత చలి ఉంది, నేనూ కోటు విప్పలేదు.

"ఇల్లు కూల్చరు. మీరు ఇక్కడే ఉంటారు" అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. ఇంక లేచి వచ్చేయొచ్చు. మనవాళ్ళ ముందు, మన భాషలో, పాటల మధ్య చెప్పడం తేలికేనని అప్పుడు తెలిసింది. ఎవరికి నష్టం చేశానో ఆ మనిషికి ఇంకా చెప్పలేదు.

"మార్గరెట్, గోడ పాడైంది నేను వేయించిన సిమెంటు వల్ల. మీ నాన్న చేసినట్టు సున్నం వేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. తప్పు నాది" అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆవిడ చాలా చిన్న గొంతుతో అడిగింది.

"అయితే నా వల్ల కాదా?"

"మీ వల్లేమిటి?"

"లోపల మరక మొదలైనప్పుడు మీ ఆఫీసుకి ఉత్తరం రాశాను. నువ్వే జవాబు రాశావు. ఇంట్లో ఆవిరి నిలిచిపోతోంది, బట్టలు లోపల ఆరేయకండి, చలికాలంలో కూడా కిటికీలు తెరిచి ఉంచండి అన్నావు. నువ్వు చెప్పినట్టే చేశాను. పదహారు చలికాలాలు. అయినా మరక పెరుగుతూనే వచ్చింది. నేనే ఎక్కడో సరిగ్గా చేయడం లేదు, నాన్న ఇల్లు నా చేతుల మీదుగా పోతోంది అనుకున్నాను. సిగ్గేసి ఎవరికీ చెప్పుకోలేదు."

ఆ ఉత్తరం రాసినట్టు నాకు గుర్తు లేదు. అలాంటి జవాబులు వారానికి నాలుగు రాసేదాన్ని, అందరికీ ఒకటే, పేరు మార్చి.

"మీ వల్ల కాదు. ఒక్క రోజు కూడా మీ వల్ల కాదు" అన్నాను.

ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది. పట్టుకోబోతే వద్దని తల ఊపింది. పడగ్గదిలోకి వెళ్ళి, బారుగా తెరిచి ఉన్న కిటికీ మూసి, గడియ పెట్టింది.